వాలు మీద నిలబెట్టిన బండి

మా కోడలి బండిని చూసి, లీటరుకు ఎంత ఇస్తుందని కింద ఊళ్ళ నుంచి వచ్చినవాళ్ళు అడుగుతుంటారు. మా కొండల్లో ఆ మాటకు ఒక్క జవాబు ఉండదు. దిగేటప్పుడు ఎంతైనా ఇస్తుంది. ఎక్కేటప్పుడు ఎంత పోసినా చాలదు. పొద్దున్న అనంతగిరి వైపు దిగినప్పుడు పాడి ఆవులా ఉన్న బండి, సాయంత్రం తిరిగి ఎక్కేసరికి వట్టిపోయిన గేదె అవుతుంది. ఈ సంగతి నాకు బాగా తెలుసనుకునేదాన్ని. తెలిసింది సగమేనని కోడలి వెనకాల కూర్చున్న ఒక్క రోజులో తేలిపోయింది.

నేను మిషన్ బడిలో మూడో తరగతి దాకా చదివాను. తరవాత బైబిలు చదువుకుంటూ ఆ అక్షరాలు పోకుండా కాపాడుకున్నాను. నా కోడలు నాలా కాదు. కొయ్యూరు వైపు పిల్ల, నర్సు చదువు చదివి వచ్చింది. చుట్టుపక్కల కొండ ఊళ్ళన్నిటికీ ఆమే నర్సమ్మ. నా కొడుకు లారీ మీద పోతే వారానికోసారి ఇంటికొస్తాడు. వాడి పాత బండి మూల పడి ఉంటే తీసి తుడిచి, పడి లేచి తనే నేర్చుకుంది. మోకాలు చెక్కుకుపోయిన రోజున కూడా, "ఆడదానికి గేర్ల బండి ఏటే" అని తిట్టాను గాని పసుపు రాయలేదు. తనే రాసుకుంది. మర్నాడు మళ్ళీ ఎక్కింది.

బండి ఆమెది, పెట్రోలు పెత్తనం నాది. బంకుకు పోవాలంటే అరకు దాకా పోవాలి. మా ఊరి కొట్లో సీసాల్లో పోసి అమ్ముతారు గాని ధర ఎక్కువ. అందుకని ఒక సన్నటి వెదురుపుల్లకు గీతలు గీసి పెట్టుకున్నాను. మూత తీసి పుల్ల ముంచి, తడి ఏ గీత దాకా వచ్చిందో చూసి, ఈ రోజుకు చాలునో చాలదో నేనే చెప్పేదాన్ని. ఆ పుల్ల చాలా కాలం తప్పు చెప్పలేదు.

నేను చెప్పబోయే రోజు కాఫీ పళ్ళు కోసే కాలంలోది. వాకిట్లో చదునైన చోటంతా పళ్ళు ఆరబెట్టడానికి కావలసి వచ్చి, బండిని అక్కణ్ణించి తీసి దిబ్బ అంచున, ముందు చక్రం కిందికి ఉండేలా పెట్టించాను. ఆ పొద్దున కోడలు టీకాల పెట్టె బయటికి తెచ్చి నా దగ్గర ఆగింది.

"అత్తా, నిన్న సాయంత్రమే రిజర్వులో పడ్డాది. కొట్లో ఒక సీసా పోయించుకుందుమా?"

"ఉండు, సూడనీ." పుల్ల ముంచి తీశాను. "గీత దాటి తడిసింది. పోడానికీ రాడానికీ సాలు. కొట్టువోడికి ఊరికే ఎందుకు పెట్టాల?"

"బండి అలాగ అనడంనేదత్తా."

"బండికి నోరేటి?"

"నోరు నేదు గాని గొంతుంది. నిన్నట్నుంచి దగ్గుతన్నాది."

నేను పుల్ల తుడిచి చూరులో దోపాను. ఆమె పెట్టె మూత బిగించింది.

ఆ రోజు ఆమె పోవలసింది గెడ్డ, అంటే కొండవాగు, దాటి అవతలి కొండ మీదున్న ఊరికి. ఎప్పుడో ఒక పిల్లకు సూది వేసిన రాత్రి జ్వరం వచ్చిందని ఆ ఊళ్ళో తల్లులు టీకాలు మానేశారు. మా కోడలు ఆరు నెలలు తిరిగింది. సూది ఊసెత్తకుండా వాళ్ళ అరుగుల మీద కూర్చుని అంబలి తాగింది, పుళ్ళకు కట్లు కట్టింది. చివరికి ఆ ఊరి దిసారి, అంటే విత్తనాలకూ పెళ్ళిళ్ళకూ రోజు చూసి చెప్పే పెద్దాయన, టీకాలకు కూడా ఒక రోజు చూశాడు. "పొద్దు నెత్తికెక్కకముందు వచ్చి ఎయ్యి. ఆ గడియ దాటితే మంచిది కాదు. ఆ రోజు రాకపోతే మరింక రానక్కర్నేదు" అన్నాడట. నేను చర్చికి పోయే మనిషిని, గడియలు నమ్మను. కాని ఆ ఊరు నమ్ముతుంది. ఆరు నెలల తిరుగుడు ఆ ఒక్క పొద్దు మీద నిలబడి ఉందని నాకు తెలుసు.

ఆమెతో రోజూ పెట్టె పట్టుకుని పోయే ఆశా కార్యకర్తకు జ్వరం వచ్చింది. "నేను పట్టుకుంటానులే" అని వెనకాల ఎక్కాను. నీలం రంగు పెట్టె, లోపల మంచు గడ్డలు. ఒళ్ళో పెట్టుకుంటే చీరలోంచి కాళ్ళకు చలి తగిలింది.

ఊరు దాటి దిగుడు మొదలవగానే బండి రెండుసార్లు ఎగిరి ఆగిపోయింది. ఇంజను చప్పుడు పోయి చక్రాల చప్పుడే మిగిలింది. కోడలు కంగారు పడలేదు. బ్రేకు తక్కువ వాడుతూ, మలుపుల్లో ఒళ్ళు వంచి, ఎద్దును అదిలించినట్టు "రా, రా" అనుకుంటూ ఆ ఉరవడితోనే గెడ్డ మీది కల్వర్టు దాటించి, అవతల ఎక్కుడులో బండి ఆగిపోయేదాకా తీసుకెళ్ళింది. నేను పెట్టెను వాటేసుకుని కూర్చున్నాను. అంత నెమ్మదైన చేయి నేను మగాళ్ళలో కూడా చూడలేదు.

అక్కడ ఒక్క తన్ను తన్నితే బండి లేచింది.

"సూసేవా, ఉంది పెట్రోలు" అన్నాను, గెలిచినట్టు.

"ఉందిలే అత్తా. గట్టిగా పట్టుకో."

రెండు మలుపులు ఎక్కాక మళ్ళీ ఆగింది. ఈసారి ఆమె నన్ను దింపి, బండిని ఎడం పక్కకు నేల దాకా వంచింది. ట్యాంకులో ఒక పక్క నుంచి ఇంకో పక్కకు కొంచెం పెట్రోలు జారిన చప్పుడు వినిపించింది. కుండ అడుగున గంజి జారినట్టు. లేపి తన్నితే ఇంకో మలుపు ఎక్కింది. అంతే, తరవాత వంచినా చప్పుడు లేదు.

ఆ చప్పుడు విన్నప్పుడే నాకు అర్థమైంది. బండి చదునుగా ఉన్నప్పుడు గీసిన గీతలవి. ముందు చక్రం కిందికి పెట్టాక, ఉన్న కాస్త పెట్రోలూ ట్యాంకు ముందు వైపుకు, మూత కిందికి వచ్చి నిలిచింది, పుల్ల తడిసింది. ఇంజనుకు పోయే గొట్టమేమో వెనక ఉంది. అందుకే దిగుడులో ఆగి ఎక్కుడులో లేచింది. వాలు మీద కుండ పెట్టి లోతు కొలిచినట్టు కొలిచాను. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచి కొండల్లోనే ఉన్నదాన్ని.

"నా పుల్లే తప్పు. నా కాఫీ పళ్ళ కోసమని బండిని దిబ్బ మీదికి తోయించాను" అన్నాను.

"సగం నాది కూడా అత్తా. పోడానికి రిజర్వు సాల్తాదనుకున్నాను. రోజూ నా ఎనక ఎక్కే ఆశా పిల్ల పీలగుంట. నీ బరువు లెక్కలోకి రానేదు."

"బరువేటే, ఎముకలేగదా ఉన్నాయి."

"ఎముకలే, గాని పాత కాలం ఎముకలు. గట్టియి."

ఆ పరిస్థితిలో ఇంకో మనిషైతే నన్ను కాల్చేసేలా చూసేది. ఆమె నవ్వింది. నవ్వుతూనే తలెత్తి పొద్దు చూసింది. నడినెత్తికి బెత్తెడు దూరంలో ఉంది. నడిచి ఎక్కితే అప్పటికి చేరలేం. ఫోనుకు సిగ్నలు లేదు.

ఆమె ఇంజను ఊసు వదిలేసి హారను నొక్కింది. పొడుగ్గా మూడుసార్లు.

"ఏటి సేత్తన్నావు?"

"హారనుకి పెట్రోలక్కర్నేదత్తా, బాటరీ సాలు. నాను ఆ ఊరి దిగువనున్న పెద్ద బండరాయి కాడికొచ్చి మూడుసార్లు కొడితే ఆడోళ్ళు తోటల్లోంచి దిగి వత్తారు. ఎప్పుడూ అదే గుర్తు. ఈ రోజు ఇంత కిందనుంచి ఇనిపిత్తాదో నేదో."

మళ్ళీ నొక్కింది. కొండకు తగిలి చప్పుడు వెనక్కి వచ్చింది. మేం ఇద్దరం పైకి చెవులొగ్గి నిలబడ్డాం. కాసేపటికి పైన కాఫీ చెట్లలోంచి ఒక ఆడగొంతు "ఓ..." అని పలికింది. దాని పైనుంచి ఇంకోటి.

కోడలు చున్నీ చుట్టకుదురు చేసి నెత్తిన పెట్టుకుని పెట్టె ఎత్తుకుంది. బండిని రోడ్డు పక్కన వదిలేశాం. పెట్రోలు లేని బండిని ఎవరెత్తుకుపోతారు? ఆమె అడ్డదారిన ఎక్కుతుంటే నేను వెనక పడ్డాను. తను ఆగలేదు. "అత్తా, నువ్వు మెల్లగా రా, జారతాది" అని మాత్రం వెనక్కి కేకేసింది. ఆ నడక చూస్తూ ఎక్కాను. పెట్టె తొణకలేదు. ఆ పిల్లకు నేను ఇంట్లో పెట్రోలు కొలిచి ఇస్తున్నాను కదా అని సిగ్గేసింది.

నేను ఊరు చేరేసరికి నా నీడ కాళ్ళ కింద నుంచి అవతలికి జరిగింది. తల్లులు పిల్లల్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చునే ఉన్నారు. దిసారి నులకమంచం మీద ఉన్నాడు. కోడలు పెట్టె దించి మంచం ఎదుట నిలబడి ఉంది, మూత తియ్యలేదు.

"పొద్దు తిరిగిపోనాదమ్మా" అంటున్నాడు పెద్దాయన. కోపం లేదు ఆ గొంతులో. అదే నన్ను ఎక్కువ భయపెట్టింది.

పిల్లను ఎత్తుకున్న ఒక చిన్నామె అంది, "తాతా, బండి కూత పొద్దు తిరక్కముందే ఇన్నాం. నాను పలికేను కూడా."

"కూతొచ్చింది. మనిషి రానేదు."

నేను ఆయాసం తీర్చుకోకుండానే ముందుకు పోయాను. "బావా, తప్పు ఈ గుంటది కాదు. నాది" అని, పుల్ల సంగతి, దిబ్బ సంగతి, నా కాఫీ పళ్ళ సంగతి, ఒక్కటీ దాచకుండా అందరి ముందూ చెప్పాను. నలుగురిలో తప్పు ఒప్పుకోవడం నాకు అలవాటు లేదు.

పెద్దాయన మంచం మీంచి ముందుకు వంగాడు. "వాలు మీద ఎట్టి కొలిసేవా?" అన్నాడు.

"కొలిసేను."

"కొండదానివేనా నువ్వు?"

ముందు ఆయన నవ్వాడు, తరవాత తల్లులు నవ్వారు. నవ్వు అంతా అయ్యాక ఆయన గడ్డం గోక్కున్నాడు. "పెళ్ళివోళ్ళ డప్పు పొలిమేర్లో ఇనిపిత్తే, వచ్చేరనే అంటాం. కాళ్ళు కడిగేదాకా ఆగం గదా" అన్నాడు, మాతో కాదు, తనలో తనే లెక్క సరిచూసుకున్నట్టు. తరవాత కోడలికేసి చెయ్యి ఊపాడు. "కానీ మరి. బేగి."

ఆమె చేతులు కడుక్కుని మూత తీసింది. మంచు ఇంకా గట్టిగానే ఉంది. కూతకు పలికిన చిన్నామె ముందుగా వచ్చింది. నేను పిల్ల కాళ్ళు పట్టుకున్నాను. కోడలు ఆ తల్లితో కాఫీ కోతల కబుర్లు చెబుతూ చెబుతూనే సూది దించి తీసేసింది. పిల్ల ఏడవడానికి నోరు తెరిచేలోపు పని అయిపోయింది. పదకొండు మంది పిల్లలకూ అంతే. ప్రతి తల్లికీ, ఈ రాత్రి ఒళ్ళు వెచ్చబడొచ్చు, భయపడొద్దు, ఈ మాత్ర ఇంత వెయ్యమని చెప్పింది. వాళ్ళ చేత మళ్ళీ చెప్పించుకుంది. నా జన్మలో నేను ఎవరికీ ఒక మాట రెండుసార్లు నెమ్మదిగా చెప్పి ఎరగను.

ఈలోపు ఒకాయన తన బండి గొట్టం లాగి మాకోసం ఒక సీసాలోకి పెట్రోలు వంచాడు. సీసా సగం నిండగానే నేను అందుకుని, ఇది చాలన్నాను. కోడలు నా చేతిలోంచి సీసా తీసుకుని, "నిండా పొయ్యి మావా, అత్త కూడా ఎక్కుతాది" అంది.

వచ్చేసేముందు చిన్నామె అడిగింది, "అక్కా, రెండో సూది ఎప్పుడు?"

కోడలు దిసారికేసి తిరిగి, "తాతా, వచ్చే నెల ఏ రోజు మంచిది?" అని అడిగింది. చదువుకున్న పిల్ల, చేతిలో తేదీల కాగితం ఉన్న పిల్ల, ఆయనను అలా అడగడం చూసి నాకు గర్వమేసింది.

పెద్దాయన మంచం మీంచి లేవకుండానే అన్నాడు. "నీకు వీలైన రోజు సూసుకో తల్లీ. పొద్దు సంగతి నాను సూసుకుంటాను."