గుజ్జు గొట్టాల్లోనే పోవాలన్న మనిషి

మా మామిడి గుజ్జు ఫ్యాక్టరీ ఫిట్టర్ బాబాయి మొన్న బుధవారం గుండెపోటుతో చనిపోయారు. సాయంత్రానికల్లా గేటుకి ఫ్లెక్సీ వేలాడింది: 'మీ సేవలు చిరస్మరణీయం'. అది కట్టించిన పెద్దలే రెండు సీజన్లుగా ఆయన్ని అదే గేటు దగ్గర ట్రాక్టర్లకి దారి చూపమని కూర్చోబెట్టారు.

గుజ్జు వేడిచేసే యంత్రమంటే ఆయనకి ప్రాణం. పెద్ద ఇనప డొల్ల, లోపల సన్నటి గొట్టాల కట్ట. గుజ్జు, ఆవిరి - ఒకటి గొట్టాల్లో, ఇంకొకటి వాటి చుట్టూ డొల్లలో పారుతుంది. వేడి మారుతుంది, అవి మాత్రం కలవవు. పొద్దున్నే దాని పొట్ట మీద అరచెయ్యి ఆనించి, "ఒంట్లో ఎలా ఉందే?" అని అడిగేవారు.

కొత్త యంత్రం వచ్చినప్పుడు ఏది ఎటు పోవాలో తేల్చే భాగ్యం, అప్పుడే బీటెక్ పాసైన నాకు దక్కింది. చిక్కటిది డొల్ల వైపు అని పుస్తకంలో ఒక లైను. పీచూ మడ్డీ పట్టేది గొట్టాల వైపు అని దాని కిందే ఇంకో లైను. మహానుభావుణ్ణి, మొదటి లైను దగ్గరే ఆగాను.

"ఏంటండీ ఇంజనీరు గారూ, ఆవిరి గొట్టాల్లోకీ, గుజ్జు డొల్లలోకీనా?"

"గుజ్జు చిక్కగా ఉంటుంది కదా బాబాయ్."

"ఇది రసం కాయండీ, ఒళ్ళంతా పీచే. గొట్టంలో ఇరుక్కుంటే బ్రష్ పెట్టి తోస్తాను. డొల్లలో ఇరుక్కుంటే దూరడానికి నేనేమన్నా చీమనా?"

నవ్వాను. మేనేజర్ గారు ఇంకా గట్టిగా నవ్వారు.

మూడో వారానికి డొల్ల మూలల్లో గుజ్జు మాడి రాయిలా పట్టేసింది. ట్రాక్టర్లలో కాయ కుళ్ళింది. రిపోర్టు రాయమన్న మేనేజర్ గారే ఏం రాయాలో కూడా సెలవిచ్చారు: 'ఫిట్టర్ శుభ్రం చేయకపోవడం వల్ల'. చెయ్యి దూరని చోట శుభ్రం! రాసింది నేను. సంతకమూ నాదే. తర్వాతి సీజన్‌కి గుజ్జుని చప్పుడు చేయకుండా గొట్టాల్లోకి మార్చారు. బాబాయిని మాత్రం గేటు నుంచి మార్చలేదు.

రోజూ నన్ను చూసి, "టిఫిన్ చేశారా ఇంజనీరు గారూ?" అనేవారు. ఒక్క తిట్టు తిట్టినా బాగుండేది.

గురువారం నిజం రాసిన కొత్త రిపోర్టు మేనేజర్ గారి ముందు పెట్టాను. "పోయినాయన గురించి ఇప్పుడెందుకయ్యా?" అన్నారు. ఉన్నప్పుడు మాత్రం ఎవరికి కావాల్సొచ్చింది?

నిన్న ఆగిరిపల్లిలో వాళ్ళింటికి వెళ్ళాను. బాబాయి భార్య ఒక్కటే అడిగారు: "బాబూ, ఆయన నిజంగా సరిగ్గా కడగలేదా? వీధిలో అందరూ అదే అంటారు."

"లేదు పిన్నిగారూ. తప్పు నాది. ఆయన మీద రాసిన అబద్ధమూ నాదే."

ఆమె ఏడవలేదు. పెద్దకర్మ కాకుండా గడప దాటకూడదని లోపల్నుంచి ఎవరో అంటున్నా, నా మణికట్టు పట్టుకుని, నీళ్ళకి జనం చేరిన వీధి కుళాయి దగ్గరికి లాక్కెళ్ళారు.

"మళ్ళీ చెప్పు. గట్టిగా."

చెప్పాను. ఎవరి బిందో నిండి పొర్లిపోతోంది. కుళాయి కట్టేయడానికి ఒక్కరూ వంగలేదు.