మా బావ బండికి మెత్తని క్లచ్

మా బావ ఆ బండి కొన్నరోజున మా అక్క దాని చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి, "ఇంత ఎత్తుంది, ఎక్కడానికి నిచ్చెన కూడా ఇస్తారా?" అని అడిగింది.

తారురోడ్డు మీదా, మట్టిదారిలోనూ కూడా నడిచే రకం మోటారు సైకిలు అది. ఆ రకంలో దొరికేవాటన్నిటిలోకీ చవకది. చవకది కాబట్టే ఇంజను కింద అడ్డుగా రేకు లేదు, వెనక స్ప్రింగు మరీ మెత్తన, దీపం గుడ్డిది, సీటు చెక్కబల్ల. చూసినవాళ్ళందరూ పెదవి విరిచారు. బావ మాత్రం కొత్త పెళ్ళికొడుకులా వెలిగిపోయాడు. "అన్నీ ఉన్న బండి కొంటే ఇంక నాకు పనేముంటుందే?" అన్నాడు.

బావది ఫోను టవర్ల దగ్గర మెకానిక్ ఉద్యోగం. ఊరికి అవతల కొండల మీదున్న టవర్లకు వెళ్ళి బ్యాటరీలు చూడాలి, జనరేటర్ తిరుగుతోందో లేదో చూడాలి, తీగ కొరికిన ఎలకను తిట్టుకుంటూ తీగ మార్చాలి. ఆ దారుల్లో జీపు పోదు. నడిచి వెళ్తే సగం రోజు దారికే సరిపోతుంది. అందుకని కంపెనీ వాళ్ళు చదువూ సంధ్యా అడగలేదు. సొంత బండి మీద కొండెక్కగలిగినవాడికి ఉద్యోగం, ఎక్కలేనివాడికి లేదు. అంతే.

నేను వాళ్ళ మేడ మీద గదిలో ఉండేవాణ్ణి. కళ్ళజోళ్ళ షాపులో పని. అందుకే బావ నన్ను "ఒరేయ్ కళ్ళజోడూ" అని పిలిచేవాడు. నాకు బైకులంటే గిట్టదు. వాటి చప్పుడంటే అసలే గిట్టదు. వారానికి ఒక్కరోజు సెలవు దొరికి నిద్రపోదామనుకుంటే, కింద మెట్ల పక్కన ఆ ఇంజను డుగుడుగుమంటూ నా తలగడ కిందే తిరుగుతున్నట్టు ఉండేది. నేను మేడ మీంచి అరిస్తే, "కిందకి రారా, టీ తాగుదువుగాని" అనేవాడు. కోపంగా దిగి వెళ్ళినవాణ్ణి కాస్తా ఏదో బోల్టు పట్టుకుని కూర్చునేవాణ్ణి. ఆయన దగ్గర కోపం నిలబెట్టుకోవడం ఎవరివల్లా కాలేదు, ఒక్క అక్క వల్ల తప్ప.

వరండాలో ఒక పక్క అక్క కుట్టుమిషను, మరో పక్క బావ బండి. మధ్యలో సరిహద్దు ఉందని అక్క అనుకునేది, లేదని బావ అనుకునేవాడు. బావ పాత ఫ్రిజ్ తలుపు రేకు మీద అక్క సుద్దముక్కతో గీతలు గీసి, దాన్ని కోసి, వంచి ఇంజను కింద బిగించాడు. మిషను నూనెను గొలుసుకి పోశాడు. ఇంజను మూతకీ ఇంజనుకీ మధ్య పెట్టే అట్టను అక్క బట్టల కత్తెరతో కత్తిరించాడు. ఆ కత్తెర మొద్దుబారి మర్నాడు ఎవరి జాకెట్టో వంకరగా తెగింది. అప్పుడు అక్క పెట్టిన శాపనార్థాలకు బండి టైర్లలో గాలి పోవాలి నిజానికి. బావ నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుని, "కత్తెర సానబెట్టి ఇస్తాలే" అన్నాడు. సానబెట్టి ఇచ్చాడు కూడా, ముందుకంటే పదునుగా.

వెనక పళ్ళచక్రం పెద్దది వేశాడు, ఎగువకు బాగా లాగుతుందని. మట్టిని కరిచి పట్టుకునే గుబ్బల టైర్లు వేశాడు. వెనక స్ప్రింగు ఏదో బరువైన బండిది తెచ్చి అమర్చాడు. చవక బండి కాస్తా మేకలా కొండలెక్కేది. ఒకసారి అక్కను వెనక కూర్చోబెట్టుకుని టవర్ దాకా తీసుకెళ్ళాడు. తిరిగొచ్చాక అక్క నడుం పట్టుకుని రెండు రోజులు మూలిగింది. మూలుగుతూనే పక్కింటావిడకు ఆ కొండ మీంచి ఏమేం కనపడ్డాయో పూసగుచ్చినట్టు చెప్పింది.

కొన్నేళ్ళు అలా గడిచాయి. తర్వాత బావ మరమ్మతులన్నీ హ్యాండిల్ ఎడమవైపుకి చేరాయి. ఎడమచేతివైపు ఉండేది క్లచ్ లివర్. గేరు మార్చాలన్నా, బండి కదిలించాలన్నా దాన్ని పూర్తిగా లోపలికి లాగాలి. ముందు కేబుల్ మార్చాడు. పిడికి లావుపాటి రబ్బరు తొడిగాడు. తర్వాత కేబుల్ అవతలి కొసన, ఇంజను పక్కన ఉండే చిన్న ఇనప చేతిని వెల్డింగు షాపుకి తీసుకెళ్ళి పొడుగు చేయించాడు. చెయ్యి పొడుగైతే తక్కువ బలంతో తిరుగుతుందట.

"రెండు వేళ్ళతో లాగి చూడరా" అన్నాడు నాతో.

లాగాను. నిజంగానే హాయిగా వచ్చింది.

"ఎలా ఉంది?"

"వెన్నపూసలా ఉంది బావా."

"అదీ క్లచ్ అంటే!" అని నా వీపు మీద చరిచాడు, కుడిచేత్తో.

అంతటితో ఆగలేదు. ఇంజను మూత విప్పి, లోపల క్లచ్ పళ్ళేలను నొక్కిపట్టే స్ప్రింగులు తీసేసి మెత్తనివి వేశాడు. అక్కణ్ణుంచి మొదలైంది తంటా. చదునైన రోడ్డు మీద బండి బుద్ధిమంతురాలిలా పోయేది. ఎగువ మొదలవగానే పళ్ళేలు పట్టు తప్పి జారిపోయేవి. ఇంజను గొంతు చించుకుని అరిచేది, బండి మాత్రం ముందుకు కదిలేది కాదు. మాడిన వాసన బట్టలకు పట్టించుకుని ఇంటికొచ్చేవాడు. పళ్ళేలు అరిగిపోయాయన్నాడు. కొత్తవి వేశాడు. మళ్ళీ అదే వాసన. ఒకసారి టవర్ పనిచెయ్యడం ఆగిపోయి కొండకు అవతలివైపు ఫోన్లన్నీ మూగబోయాయి. పైఅధికారి ఫోన్ చేసి, "కొండ ఎక్కలేకపోతే చెప్పండి, ఎక్కేవాళ్ళు బోలెడుమంది" అన్నాడు. స్పీకరులో అక్క వింది.

ఆ వారమంతా అక్క బావను వాయించి వదిలిపెట్టింది. "బంగారంలాంటి బండిని కెలికి కెలికి పాడుచేశారు. ఆ చేతులు ఊరుకోవు కదా!" అంది.

తిట్టినందుకు అక్కకే మనసు పీకింది. బావ కంపెనీ మీటింగుకని బస్సెక్కి వెళ్ళినరోజు, వీధిచివరి మెకానిక్‌ని ఇంటికి పిలిపించింది. "నాకు ఏం చేస్తారో తెలీదు. బండి కొండెక్కాలి" అని చెప్పింది. అతను మెత్తని స్ప్రింగులు బయటికి లాగి, ఇవెవడు వేశాడని నవ్వి, బరువులు లాగే బండ్లకు వేసే గట్టి స్ప్రింగులు బిగించాడు. పొడుగు చేయించిన ఇనప చేతిని కూడా తీసేసి, మొదట ఉన్నలాంటిదే కొత్తది పెట్టాడు. అక్క బండినంతా తుడిచి, సాయంత్రం గేటుకి ఎదురుగా నిలబెట్టింది. మెచ్చుకుంటారని మెకానిక్ కూడా వెళ్ళకుండా కూర్చున్నాడు.

బావ వచ్చాడు. విషయం విన్నాడు. నవ్వు మొహంతోనే బండెక్కి స్టార్ట్ చేశాడు. ఎడమచెయ్యి లివర్ మీద వేసి లాగాడు. లివర్ సగం దాకా వచ్చి ఆగిపోయింది. మళ్ళీ లాగాడు. మెడ నరాలు పొంగాయి, మొహం ఎర్రబడింది. మూడోసారి కుడిచెయ్యి కూడా అటువైపు వెళ్ళింది. రెండు చేతులతో లాగితే వచ్చింది. కానీ రెండు చేతులూ ఒకేవైపు ఉంటే బండి ఎలా నడుస్తుంది?

"బాగా చేశావయ్యా" అన్నాడు మెకానిక్‌తో. ఇంజను ఆపి దిగి, "రేపు తిప్పి చూస్తా" అంటూ లోపలికి వెళ్ళిపోయాడు.

అక్క వెనకే వెళ్ళింది. ఆయన ఎడమచేతిని దీపం కిందికి లాగింది. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య కండ ఉండాల్సిన చోట గుంట పడి ఉంది. ముంజేయి కుడిదానికంటే సన్నబడింది.

"ఏంటండీ ఇది?"

"ఏం లేదే. పానా పట్టీ పట్టీ అరిగిపోయింది."

"నాతో వేళాకోళమా?" అని అక్క ఏడ్చేసింది. ఇన్నాళ్ళూ ఆయన బండిని బాగుచేయలేదని నాకప్పుడు తెలిసింది. తగ్గిపోతున్న చేతికి సరిపోయేలా బండిని తగ్గించుకుంటూ వచ్చాడు. ఒక్కడే, ఎవరికీ చెప్పకుండా, జోకులు వేస్తూ. ఆ మనిషి మీద నాకు పట్టరాని కోపం వచ్చింది.

నరాల డాక్టరు సుత్తితో కొట్టి చూశాడు, సూదులు గుచ్చి చూశాడు. కండ కరిగిపోయే జబ్బన్నాడు. మందు లేదన్నాడు. ఇవాళ ఈ చెయ్యి, తర్వాత ఆ చెయ్యి, ఆ తర్వాత కాళ్ళు, ఎప్పుడన్నది చెప్పలేనన్నాడు. బావ అన్నీ విని, "క్లచ్ లాగే బలం ఎంతకాలం ఉంటుంది డాక్టరుగారూ?" అని ఒక్కటే అడిగాడు. డాక్టరు చేతిలో పెన్ను బల్లమీద పెట్టి, "బండి మానేస్తే మంచిది" అన్నాడు.

మానలేదు. మానితే ఉద్యోగం లేదు. ఇంటికొచ్చి మళ్ళీ ఇంజను మూత విప్పాడు. రెండు గట్టి స్ప్రింగులూ, రెండు మెత్తనివీ ఎదురెదురుగా వేసి చూశాడు. బోల్టు కింద వాషరు పెట్టి ఒక పిసరు బిగించేవాడు, తీసి ఒక పిసరు వదిలేవాడు. పానా గట్టిగా తిప్పాల్సి వస్తే నన్ను పిలిచేవాడు.

"బిగిస్తే చెయ్యి ఓడిపోతుంది. వదిలేస్తే కొండ దగ్గర బండి ఓడిపోతుంది" అన్నాడోసారి. "మధ్యలో ఎక్కడో ఒక చోటుంటుందిరా. అది దొరికితే చాలు."

దొరికింది. దొరికినరోజు బావ టవర్ దగ్గర్నుంచి ఫోన్ చేసి చిన్నపిల్లాడిలా అరిచాడు. అక్క ఫోన్ నా చేతిలో పెట్టి గోడకానుకుని కూర్చుంది. కొన్ని వారాలపాటు మా ఇంట్లో అందరం పెద్దగా మాట్లాడుకున్నాం. డాక్టర్లకేం తెలుసని కూడా అనుకున్నాం.

కానీ చెయ్యి ఒకచోట ఆగే వస్తువు కాదు. ఇంకొంచెం వదలాల్సి వచ్చింది. మళ్ళీ ఇంకొంచెం. ఒక మధ్యాహ్నం బావ ఫోన్ చేసి, "కొంచెం వస్తావట్రా" అన్నాడు, ఎక్కడున్నాడో మాత్రం చెప్పాడు. నేను షాపు వదిలేసి దొరికిన ఆటోలో కొండ కిందదాకా వెళ్ళి, అక్కణ్ణుంచి నడిచాను. రెండో మలుపులో బండి గట్టుకి ఆనించి ఉంది. పొగ ఇంకా వస్తోంది. బావ రాయి మీద కూర్చుని, ఎడమచేతి వేళ్ళను కుడిచేత్తో ఒక్కొక్కటిగా తిన్నగా సాగదీసుకుంటున్నాడు.

"మధ్యలో చోటు అయిపోయిందిరా" అన్నాడు.

ఆయన్ని వెనక కూర్చోబెట్టి, గేరు లేకుండా, బ్రేకు మీదే బండిని కిందికి దించాను. దారిపొడుగునా, "మెల్లగా, ముందు బ్రేకు వద్దు, వెనకది నొక్కు" అని చెబుతూనే ఉన్నాడు. నేను బండి నేర్చుకోవడం కూడా ఆరోజే జరిగింది.

ఉద్యోగం పోయింది. బావ స్థానంలో వచ్చిన కొత్త మెకానిక్ ఒకరోజు ఇల్లు వెతుక్కుంటూ వచ్చాడు. మర్యాదస్తుడే. "సార్, మీ బండి గురించి అక్కడందరూ చెప్పారు. నాకిచ్చేస్తారా? క్లచ్ మాత్రం గట్టిగా పెట్టించి ఇవ్వండి" అన్నాడు. అలా అన్నందుకు అతన్ని కొట్టాలనిపించింది. అతని తప్పేముంది? బావ వెంటనే సరేనన్నాడు.

వీధిచివరి మెకానిక్‌ని పిలుస్తానని అక్క అంటే బావ ససేమిరా అన్నాడు. తన చేతి మీదుగానే బండి ఇంట్లోంచి వెళ్ళాలట. అప్పటికి ఆయన కుడిచెయ్యి కూడా పానా పట్టే స్థితిలో లేదు. అందుకని అక్క కూర్చుంది. నూనె కారకుండా బండిని ఎడమవైపుకి వాల్చి గోడకు ఆనించి పట్టుకోవడం నా పని. బావ స్టూలు మీద కూర్చుని చెబుతుంటే అక్క మూత విప్పింది, పాత స్ప్రింగులు తీసి గట్టివి పెట్టింది.

"ఒకదాన్నే బిగించెయ్యకు. ఎదురెదురుగా, కొంచెం కొంచెం. లేకపోతే పళ్ళెం వంకరపోతుంది."

"తెలుస్తోంది లెండి. ఇన్నేళ్ళూ ఇది నాకు సవతి అనుకున్నా. చివరికి దీనికి నాచేతే చాకిరీ చేయిస్తున్నారు."

బావ పకపకా నవ్వాడు. చాలారోజుల తర్వాత విన్నాను ఆ నవ్వు. అక్క మూత బిగించి, గ్రీజు చేతులు గుడ్డకు తుడుచుకుని లేచింది. బండిని తిన్నగా నిలబెట్టాను.

"లివర్ లాగి చూడు" అన్నాడు బావ.

పొద్దస్తమానం కత్తెర పట్టే చెయ్యి అక్కది. ఒక్క గుంజుకి లివర్ వెళ్ళి పిడికి తగిలింది. అంత సులువుగా వస్తుందని అక్క అనుకోలేదు. ఉలిక్కిపడి వదిలేసింది. తర్వాత చెయ్యి విదిలించి, "అమ్మో, ఎంత గట్టిగా ఉందండీ! నావల్ల కావట్లేదు" అంది. అంటూ నావైపు చూసింది.

"అవును బావా, మరీ మొండిగా ఉంది" అన్నాను నేను, లివర్ ముట్టుకోకుండానే.

బావ మా ఇద్దరివైపూ చూడలేదు. ఆయన కళ్ళు ఇంజను పక్కనున్న చిన్న ఇనప చేతి మీద ఉన్నాయి. అక్క లాగినప్పుడు అది చివరికంటా తిరగడం, వదిలినప్పుడు టక్కున వెనక్కి రావడం ఆయన చూశాడు.

"సరిగ్గా కుదిరింది" అన్నాడు. "ఆ అబ్బాయిని వచ్చి తీసుకెళ్ళమని చెప్పరా."