ఇరవై మూడో గడిలో పిల్ల

యానాం ఫరంపేటలో రామతులసి ఇంటి ముందుగదే ఆమె డీటీపీ సెంటరు. పెళ్లి శుభలేఖలు, దరఖాస్తులు, వర్ధంతి కరపత్రాలు చేస్తుంది. ఏడాదికొకసారి, సంక్రాంతి సెలవులయ్యాక, మా స్కూలు ఇయర్‌బుక్ చేస్తుంది. నేను ఆ స్కూల్లో తెలుగు మాస్టర్ని. పేరు శ్రీరామచంద్రమూర్తి. పేరు బారెడు, పని ప్రూఫులు దిద్దడం. ఒత్తు పోయినా దీర్ఘం పోయినా నా కంట పడకుండా పోదని గొప్పలు చెప్పుకునేవాణ్ణి. ఇప్పుడు చెప్పుకోవడం లేదు.

తులసి చదివింది ఇంటరే. పని మాత్రం కాకినాడ ప్రెస్సువాళ్లు వంక పెట్టలేనంత శుభ్రం. బొమ్మని కాగితం అంచు దాటించి కాస్త బయటికి వదలాలని, లేకపోతే కటింగులో తెల్లగీత పడుతుందని, ఆ వదిలినదాన్నే బ్లీడ్ అంటారని నాకు నేర్పింది ఆమే. "గ్రూప్ ఫొటోలో చివరున్న పిల్లల్ని లోపలికి జరపాలి మాస్టారూ, లేపోతే మిషన్ కింద చెవులు ఎగిరిపోతాయండి" అనేది. పిల్లల మొహాల దగ్గర అంత జాగ్రత్త.

అలాంటి మనిషి చేసిన తప్పు ఇది. క్లాసు పేజీలో ఒక్కొక్కరికి ఒక్కో గడి ఉంటుంది. ఫొటోలన్నీ ఒకేసారి రావు. రానివాళ్ల గడిలో కొలత తెలియడానికి ఏదో ఒక ఫొటో పెట్టి ఉంచుతారు, దాన్ని డమ్మీ అంటారు. అసలు ఫొటో రాగానే అది తీసేస్తారు. చాలామంది బూడిదరంగు బొమ్మ పెట్టి ఊరుకుంటారు. తులసికి అది గిట్టదు. మొహం లేని గడి చూస్తే ఎవరో తప్పిపోయినట్టుంటుందట. నాలుగేళ్ల కిందట వచ్చిన ఫొటోల్లోంచి, వెలుతురు బాగా పడిన ఒక ఆరో తరగతి పిల్లని ఏరుకుంది. ఆ ఫైలుకి పేరు లేదు, అంకె ఉంది. అప్పట్నుంచీ ఏ క్లాసులో గడి ఖాళీగా ఉన్నా ఆ పిల్లే వచ్చి కూర్చునేది.

ఈ ఏడు పదో తరగతి బి సెక్షన్‌లో సాయిదివ్య అనే అమ్మాయి మధ్యలో చేరింది. ఆమె ఫొటో రాలేదు. ఇరవై మూడో గడిలో డమ్మీ అలాగే ఉండిపోయింది. ప్రూఫు నా దగ్గరికి వస్తే, పేరులో తప్పేమీ లేదని టిక్కు పెట్టాను. పేరు పైన మొహం చూడలేదు. ఆ మొహం నాకు తెలుసు. నా క్లాసులో రెండో బెంచీలో కూర్చునేది. పద్యం అప్పజెప్పమంటే గోడకేసి చూస్తూ చెప్పేది. పేరు స్టెల్లా. ఆరో తరగతి అయిన వేసవిలో డెంగీ జ్వరంతో పోయింది. నాలుగేళ్లు ప్రూఫుల్లో నా చేతి కిందనుంచే వెళ్లిన పిల్లని ఒక్కసారీ గుర్తుపట్టలేదు. నీ కళ్లు కాకులెత్తుకుపోయాయా అని నన్ను నేను ఇప్పటికీ తిట్టుకుంటున్నాను.

పుస్తకాలు అచ్చై, పదిమంది చేతికి వెళ్లాక, స్టెల్లాతో చదివినవాళ్లు గుర్తుపట్టడంతో సంగతి బయటపడింది. సాయిదివ్య ఫొటోని స్టిక్కర్లుగా కొట్టించి, అన్ని పుస్తకాల్లోనూ ఆ గడి మీద అంటించమన్నారు హెడ్‌మిస్ట్రెస్. మర్నాడే ఫేర్‌వెల్. స్టెల్లా ఎవరో, ఏమైందో తులసికి చెప్పే పని నా మీద పడింది. విన్నాక ఆమె స్టిక్కర్ల షీటు ముందుకి లాక్కుంది. ఒక స్టిక్కరు ఒలిచి, పుస్తకం దాకా తీసుకెళ్లి, చెయ్యి వెనక్కి తీసుకుంది.

"నావల్ల కాదు మాస్టారూ. పిల్ల మొహం మీద గుడ్డ కప్పుతున్నట్టుందండి" అంది.

నాకూ చెయ్యి రాలేదు. ఇద్దరం ఆ పుస్తకాల కట్టల ముందు దొంగల్లా కూర్చున్నాం. పట్టపగలు, వీధిలో ఆటోలు తిరుగుతున్నాయి. అయినా వెనక్కి తిరిగి చూడాలంటే నాకు భయం వేసింది. రెండో బెంచీ అక్కడే ఉన్నట్టు అనిపించింది.

అంతలో జోసెఫిన్ వచ్చింది. స్టెల్లా తల్లి. కనకాలపేట అంగన్‌వాడీలో ఆయా. పక్కింటి పిల్లని అడిగి తెచ్చిన ఇయర్‌బుక్ ఆమె చేతిలో ఉంది. తిడుతుందనుకున్నాం. తిట్టినా బాగుండేది.

"మా పాప ఫొటో మీ దగ్గరెలా ఉందండి?" అని అడిగింది.

తులసి ఏమీ దాచలేదు. పాత ఫైళ్లన్నీ తెరిచి చూపించింది. ఏడో తరగతి, ఎనిమిది, తొమ్మిది. ప్రతి ఏటి మొదటి ప్రూఫులోనూ ఎక్కడో ఒక గడిలో స్టెల్లా ఉంది.

"ఎవరో తెలీదండి. పొద్దున్నే సిస్టం తెరిస్తే ఇదే కనపడేది. ఏమే గుంటా, ఇయ్యాల ఎంతమంది వచ్చారే అని మాట్లాడేదాన్ని. పోయిందని తెలీదండి" అని ఏడ్చింది.

జోసెఫిన్ తెరకి దగ్గరగా వంగింది. "ఏడో తరగతిలోకి ఎక్కిందన్నమాట" అని, వేలితో మెల్లగా ముట్టుకుంది.

తులసి కళ్లు తుడుచుకుని, "మీకో పుస్తకం స్టిక్కరు వెయ్యకుండా ఇస్తానండి. కింద స్టెల్లా అని పేరు మార్చి వేరే పేజీ కొట్టిస్తాను. మీ ఇంట్లో ఉంచుకోండి" అంది. నేనూ తలూపాను. ఆమె సరేనంటే మా పాపం కాస్తయినా కరుగుతుందని నా ఆశ. అంత స్వార్థం నాది.

జోసెఫిన్ పుస్తకాన్ని ఒళ్లో పెట్టుకుని పదో తరగతి పేజీ చాలాసేపు చూసింది. మగపిల్లలకి నూనూగు మీసాలు. ఆడపిల్లలు పెద్దమనుషుల్లా ఉన్నారు. మధ్యలో రిబ్బన్లతో మడిచి కట్టిన రెండు జడలు, పదకొండేళ్ల మొహం.

"ఒద్దండి" అంది. "దీంతో చదివినోళ్లు అందరూ పెద్దోళ్లయిపోయేరు. ఇందులో దీని ఈడోళ్లు ఒక్కరూ లేరు. ఇక్కడ దీనికి తోచదండి."

స్టిక్కరు అడిగి తీసుకుంది. పైటచెంగుతో గడిని ఒకసారి తుడిచింది. అంచులు సరిచూసుకుని సాయిదివ్యని అంటించింది. బొటనవేలితో నాలుగు మూలలూ నొక్కి, ఇంకో పుస్తకం ఇమ్మని చెయ్యి చాపింది.