అంజన్న గుట్టకు తేలిక సైకిలు

మా ఇంట్ల దేవుని అర్ర పక్కన గోడ మొలకు ఒక చేతి కాంటా వేలాడుతుంటది. దుబాయి పోయేటోళ్ల ఇండ్లల్ల అందరికీ ఉంటది గసొంటిది. కొక్కేనికి పెట్టె తగిలిచ్చి పైకి లేపితే బరువెంతో అంకెలల్ల చూపిస్తది. విమానం కాడ బరువెక్కువైతే పెట్టె అక్కడనే విప్పి, అందరి ముంగట పచ్చడి డబ్బ తీసి పక్కన పెట్టాలె. ఆ నామోషి ఒక్కసారి పడ్డంక మా ఆయన కాంటాను నమ్మినంత మనుషులను నమ్మలేదు. ఇగ చాలనుకొని కోరుట్లకు వచ్చి ఇంటి పట్టున ఉన్నంక కూడ ఆ అలవాటు పోలేదు. గుమ్మడికాయ తెస్తే తూస్తడు. గ్యాస్ బండ వస్తే తూస్తడు. మనుమరాలిని చీర ముక్కల కూసోబెట్టి కొక్కేనికి తగిలిచ్చిండు. అది పకపక నవ్వింది గని నా పాణం పోయింది. మనిషిని సల్లంగ తిప్పి పంపిండు దేవుడు, కాంటాతోటి పంపితే పంపిండు అనుకొని దండం పెట్టుకున్న.

మా ఊరి బయట ఒక గుట్ట ఉన్నది. పైన గుడంటే పెద్ద గుడి కాదు. బండకు చెక్కిన అంజన్న, ఒంటినిండ సిందూరం, మీద నాలుగు రేకులు. పెండ్లయి వచ్చినప్పటి సంది శనివారం శనివారం మెట్లెక్కి పోత. ఆయన దేశంల లేని ఏండ్లల్ల నా గోసంతా ఇన్నది ఆ అంజన్ననే. ఒక్కదాన్నే కూసొని చెప్పుకొని దిగొస్తే వారమంతా మంచిగ నడుస్తది.

నిరుడు మోకాళ్లు పట్టేసినయ్. డాక్టరమ్మ చూసి, "మెట్లు బందు. ఎక్కుడు కన్నా దిగుడు ఇంకా చెడ్డది. సైకిలు తొక్కు, మంచిదే" అన్నది.

"నేను బండి మీద వెనుక బాట నుంచి సగం దాక తీస్కపోయి, ఆడి నుంచి చెయ్యి పట్టి ఎక్కిస్తనే" అన్నడు మా ఆయన.

"నువ్వు పక్కనుంటే అంజన్నతోని నేనేం మాట్లాడుత? నీ మీదనే కద చెప్పేది."

నేను బడికి పోయినదాన్ని కాదు. మా నాయిన ఇంట్లనే గచ్చు మీద సుద్దముక్కతోని అక్షరాలు దిద్దిచ్చిండు, అదే వాకిట్ల తన పెద్ద సైకిలు మీద తొక్కుడు నేర్పిచ్చిండు. ఆ రెండు చదువులూ ఇయ్యాల్టి దాక నన్ను ఇడిసిపెట్టలేదు. అందుకే డాక్టరమ్మ సైకిలు అనంగనే నాకు మెట్లు లేని తొవ్వ కండ్లల్ల మెదిలింది. గుట్ట వెనుక నుంచి మేకల బాట ఒకటి చుట్టూ తిరిగి పైకి పోతది. అన్నీ రాళ్లు, వానకు కోసుకపోయిన గుంతలు. సగం కాడ మోకాలెత్తు బండ అడ్డం ఉంటది. అక్కడ మాత్రం దిగి సైకిలును చేతులతోని ఎత్తి అవతల పెట్టాలె.

ముందుగాల పక్కింటామె బుట్ట సైకిలు అడుక్కొని పోయిన. రాళ్ల మీద అది ఎగిరిన ఎగురుడుకు నా పండ్లు పటపట కొట్టుకున్నయ్. బుట్టల కొబ్బరికాయ దేవుని కాడికి పోకముందే పలిగి నీళ్లన్నీ బాటకు ధారపోసింది. బండ కాడ సైకిలు లేవలేదు. పలిగిన కాయను కింది నుంచే అంజన్నకు చూపిచ్చి తిరిగొచ్చిన.

సిరిసిల్లల ఉన్న మా బిడ్డ ఫోనుల ఈ సంగతి ఇని శానసేపు నవ్వింది. నవ్వినంక చెప్పింది. "అమ్మా, నీకు ఫుల్ సస్పెన్షన్ సైకిలు గావాలె. ముంగట, ఎనుక రెండు దిక్కుల రాళ్ల దెబ్బను అదే మింగుతది. గని తేలికది చూడు. నువ్వు ఎత్తలేకుంటే ఎంత మంచిదైనా దండుగ."

ఫోను పక్కనే ఉన్న మా ఆయన 'తేలిక' అన్న మాట ఇనంగనే లేచి మొల మీది కాంటా తీసుకున్నడు.

జగిత్యాల పోయినం. సైకిళ్ల దుకాణం ముంగట ఎర్రది, పచ్చ గీతలది ఒకటి నిలబెట్టి ఉన్నది. నడుమ బొంగు కింద నా చెయ్యంత స్ప్రింగు. మా ఆయన ఆ స్ప్రింగును చూసి నిలుసున్నకాడనే మురిసిండు. "గిది లారీకున్నట్టున్నదే. జన్మల ఇరగదు."

"డబుల్ షాకర్ కాకా, ఫుల్ స్ట్రాంగ్" అన్నడు దుకాణమాయన.

"స్ట్రాంగ్ సరే, బరువెంత?"

"సైకిల్ బరువు ఎవలడుగుతరు కాకా?"

మా ఆయన జేబుల నుంచి కాంటా తీసి సీటు కింద కొక్కెం తగిలిచ్చి లేపిండు. మెడ నరాలు తేలినయ్. అంకె ఇరవై దాటింది. కింద పెట్టి, "విమానంల ఒక మనిషికి ఇచ్చే సామానంత ఉన్నది" అన్నడు చిన్నబోయి. నేను ఎత్తి చూసిన. ముంగటి చక్రం లేచింది, ఎనుకటిది నేను రాను అన్నది. తొక్కి చూసిన. పెడలు ఒత్తినప్పుడల్ల బండి కిందికి వంగుడు, మీదికి లేసుడు. నేను ముంగటికి పోతలేను, ఆ సైకిలు రోడ్డు మీద పోయేటోళ్లందరికీ వంగి వంగి నమస్కారాలు పెడుతున్నది. పాలు తీస్కపోయే ముసలాయన నాకు తిరిగి నమస్కారం పెట్టిండు.

తర్వాతి వారం సిరిసిల్ల పోయినం. మా అల్లుడు ఆదివారం ఆదివారం దోస్తులతోని గుట్టల పొంట సైకిలు తొక్కుతడు. అండ్ల ఒక దోస్తు వాళ్ల బట్ట నేసే సాంచాల పాత షెడ్డుల సైకిళ్ల దుకాణం పెట్టిండు. పక్క షెడ్లల్ల సాంచాలు ఇంకా నడుస్తనే ఉన్నయ్, ఆ లొడలొడల మేమంతా అరుసుకుంట మాట్లాడినం.

ఆయన రెండు సైకిళ్లు ముంగట పెట్టిండు. ఒకటి నల్లది, కార్బన్‌ది. మా ఆయన కాంటాకు తగిలిచ్చి అంకె చూసి బెదిరిండు. "ఏందిది? లోపల ఏం లేదా?" వేలు మడిచి కొట్టి చూసిండు. "ప్లాస్టిక్ బిందె మోగినట్టు మోగుతుందే!"

"మస్తు గట్టిది కాకా. గని అమ్మ వారం వారం బండకు తాకిస్త ఎత్తాలంటున్నరు కద, దెబ్బ తాకితే బాగు చేసుడు కష్టం. గిది చూడుండ్రి" అని రెండోది చూపిచ్చిండు. ఊదా రంగు, అల్యూమినియంది. స్ప్రింగులు లేవు, రెండు దిక్కులా గాలి నింపే షాకర్లు. కాంటా మీద పదమూడుకు జర ఇటే ఆగింది.

మా ఆయన మొఖంల అనుమానం పోలేదు. "తేలికున్నది మనిషిని ఎట్ల మోస్తది?"

అల్లుడు ఏదో చెప్పబోయిండు. అంతల్నే మా ఆయనే కాంటా దిక్కు చూసి, "అవునే! పెట్టె తేలికుంటెనే కద సామాను ఎక్కువ పట్టేది!" అన్నడు. ఇన్నేండ్లు మోసిన పెట్టెలన్నీ ఆ నిమిషంల నా దిక్కు మాట్లాడినయ్. మనసుల అంజన్నకు మొక్కిన.

నేను ఎత్తిన. రెండు చక్రాలూ లేచినయ్. చంటిపిల్లను సంకకెత్తుకున్నట్టు అనిపిచ్చింది.

ఇగ షాకర్లల్ల గాలి నింపాలె. దానికి తొక్కేటోళ్ల బరువు తెల్వాలె. దోస్తు అల్లుని దిక్కు చూసిండు. అత్తను అల్లుడు బరువెట్ల అడుగుతడు? అల్లుడు మా బిడ్డ దిక్కు చూసిండు. మా బిడ్డ పై కప్పు దిక్కు చూసింది.

"అడుగుడెందుకు, కాంటా ఉన్నది కద" అన్నడు మా ఆయన కొక్కెం ఆడిచ్చుకుంట.

"ఓ పిల్ల నాయినా, నన్ను చీరల కట్టి లేపుతవా ఏంది?"

మూలకు నూలు తూసే పెద్ద కాంటా కనబడ్డది. నేనే పోయి నిలవడ్డ. అల్లుడు అదాటున ఫోను వచ్చినట్టు చెవికి పెట్టుకొని బయటికి పోయిండు. ఆయన ఫోను మాత్రం బల్ల మీదనే ఉన్నది, చేతిల ఉన్నది టైరు ఇప్పే లివరు.

గాలి నింపినంక దోస్తు చక్రం నడుమ మెరిసే చిన్న పళ్లెం చూపిచ్చిండు. "గిది డిస్కు అమ్మా. బ్రేకు దీన్నే పట్టుకుంటది. దీన్ని సాఫ్‌గ ఉంచాలె." సాంచాల సప్పుడుల మేమిద్దరం మంచిగనే ఇన్నం. మంచిగనే తలకాయలూపినం.

శనివారం పొద్దుగాల వాకిట్ల బండికి పూజ చేసినం. టైర్ల కింద నిమ్మకాయలు పెట్టినం, హ్యాండిలుకు బంతిపూల దండ ఏసినం. మా ఆయన కుంకుమ పెడుతూ, "గీ నడుమ పళ్లేలు చూడే, చక్రంల చక్రం. వీటికి పెట్టకుంటే ఎట్ల? సాఫ్‌గ ఉంచాలె అన్నడు కద, మంచిగ తుడిసి పెడుదం" అన్నడు. నిజమే అనిపిచ్చింది. అంజన్న కాడి నుంచి తెచ్చిన సిందూరం ఇంట్ల ఉన్నది. నువ్వుల నూనెల కలిపింది. రెండు పళ్లేలకూ, రెండు దిక్కులా, భక్తితోని పూసిన.

ఎక్కుడు ఎంత సుఖంగ జరిగిందో చెప్పలేను. రాళ్లను బండి మింగుతున్నది, నా నడుముకు వార్త కూడా అందుతలేదు. బండ కాడ దిగిన, ఎత్తిన, అవతల పెట్టిన. ఎవరూ లేరు సాయానికి, ఎవరి సాయమూ అక్కర పడలేదు. సంచిల కొబ్బరికాయ నిండు నీళ్లతోని పైదాక వచ్చి అంజన్న ముంగటనే పలిగింది. ఏడాది మాటలన్నీ చెప్పుకున్న. ముందుగాల కృతజ్ఞతలు, తర్వాత మా ఆయన సంగతులు.

దిగేటప్పుడు బ్రేకు నొక్కిన. బండి ఆగలేదు. అరిచింది. ఆ అరుపుకు పొదలల్ల మేస్తున్న మేకలన్నీ తల లేపి, మా మందల ఎవలన్న తప్పిపోయిండ్రా అన్నట్టు బదులరిచినయ్. "అంజన్నా" అనుకుంట పక్కన తంగేడు పొదలకు తిప్పిన. దెబ్బ తాకలేదు, తలనిండ పచ్చ పువ్వులు. చూస్తే పళ్లేల మీద సిందూరం నిగనిగ మెరుస్తున్నది. అప్పుడు దోస్తు మాట యాదికొచ్చింది. గుడి కనబడే దూరంలనే ఉన్న. దిగుదామంటే మోకాళ్లు, తొక్కుదామంటే బ్రేకులు.

ఫోను చేసిన. మా ఆయన కింద బండి పెట్టి రొప్పుకుంట వచ్చిండు. నన్ను చూసి, పువ్వులు చూసి, పళ్లేలు చూసి, "దేవునికి పూసేది బ్రేకుకు పూసినమా!" అని అక్కడనే కూలవడి నవ్విండు. నేనూ నవ్విన.

"ఇంత దూరం వచ్చినవు, పైన దండం పెట్టుకొని రా" అన్న. దుబాయి నుంచి వచ్చినప్పటి సంది రేపు, ఎల్లుండి అనుడే గని ఎక్కింది లేదు.

పోయిండు. ఐదు నిమిషాలల్ల వస్తడనుకున్న. నేను మాట్లాడుకున్నంత సేపు మాట్లాడుకున్నడు. వచ్చేటప్పటికి కండ్లు ఎర్రగున్నయ్. ఏం చెప్పిండో అడగలే. నా మీదనే చెప్పి ఉంటడు.

ఒక భుజానికి సైకిలు తగిలిచ్చుకున్నడు, రెండో చెయ్యి నాకిచ్చిండు. ఆ చెయ్యి మీద బరువేసి మెల్లగ దిగిన. "తేలికదే కొన్నం, మంచిగయింది" అన్నడు. సైకిలునే అన్నడనుకుంట.

అల్లుడు వచ్చి డిస్కులు కడిగి బ్రేకు ప్యాడ్లు మార్చిండు. ఇప్పుడు బొట్టు హ్యాండిలుకే. తర్వాతి శనివారం ఒక్కదాన్నే ఎక్కిన, ఒక్కదాన్నే తొక్కుకుంట దిగిన, మేకలు తల లేపలే. కింద చాయ హోటల్ల మా ఆయన కూసున్నడు.

"నువ్వెందుకచ్చినవ్?"

"చాయకు అచ్చిన" అన్నడు. "అయిందా నీ ముచ్చట? ఇగ జరుగు, నా వంతు" అని మేకల బాట పట్టి నడుసుకుంట పైకి పోయిండు.