రెండు కాగితాల తేడా

పుస్తకాలు మనిషిని బాగుచేస్తాయని ఉపన్యాసాలిచ్చేవాళ్ళలో చాలామంది, పుస్తకాలను బాగుచేసే మనిషిని చూసి ఉండరు. ఆయన గ్రంథాలయం వెనకవైపు, మెట్ల కింద, ఒకే ఒక్క కిటికీ ఉన్న మరమ్మతు గదిలో కూర్చుంటాడు. ఒక బల్ల, ఒక ఇనుప ప్రెస్సు, జిగురు గిన్నె, దారపు ఉండలు, కాగితాలు మడిచి మడిచి అరిగి అద్దంలా నున్నబడ్డ ఒక చెక్కపుల్ల. ముప్పై ఒక్క ఏళ్ళుగా ఊడిన అట్టలు అతికిస్తున్నాడు, చిరిగిన పుటలు కుడుతున్నాడు. అందరూ జిగురాయన అంటారు. భార్య విడిపోయి వెళ్ళిన కొత్తలో ఆ పేరు మీద జోకు వెయ్యని ఉద్యోగి లేడు. చివరికి ఆయనే ఒకటి వేశాడు. దాంతో మిగతావాళ్ళకు సరదా పోయి ఊరుకున్నారు.

ఆయన ఇల్లంటే లాండ్రీ దుకాణం మీద రెండు గదులు. వారమంతా కింద నుంచి ఆవిరి, సబ్బు వాసన వస్తుంటాయి. ఆదివారం దుకాణం మూసేస్తారు కాబట్టి ఆ వాసన కూడా ఉండదు. ఆ రోజు గడవడం కష్టంగా ఉండేది. ఈ పదకొండు వారాల నుంచీ అలా లేదు.

ఆదివారం నాలుగింటికి ఒక యానిమే, అంటే జపాను కార్టూను సీరియల్, కొత్త ఎపిసోడు విడుదలవుతుంది. ఆయన ఎడమ పక్కన లాప్‌టాప్, కుడి పక్కన ఒక పాత మాంగా పుస్తకం పెట్టుకుని కూర్చుంటాడు. ఆ బొమ్మల పుస్తకంలోని కథనే ఆ సీరియల్‌గా తీశారు. పడవల రేవులో టికెట్లు చింపే ఒక తండ్రి, పెద్దదై అవతలి గట్టుకు వెళ్ళిపోయిన కూతురు. కత్తులు లేవు, దెయ్యాలు లేవు. పడవ వస్తుంది, పడవ పోతుంది. ఇలాంటి దాన్ని పన్నెండు ఎపిసోడ్లు తీసిన వాళ్ళ ధైర్యాన్ని మెచ్చుకోవాలి.

జిగురాయన చూసే పద్ధతి వేరు. నాలుగు క్షణాలు చూసి ఆపుతాడు. చెక్కపుల్లతో పుస్తకంలో ఆ బొమ్మ ఉన్న గడి వెతికి పట్టుకుంటాడు. ఉంటే కాగితం మీద ఒక గీత, లేకపోతే సున్నా. ఇరవై మూడు నిమిషాల ఎపిసోడుకు రెండు గంటలు పడుతుంది కనుక, ఫోను వచ్చేలోపు ముందొకసారి ఆపకుండా చూసేస్తాడు. నాలుగూ నలభైకి ఫోను వస్తుంది. చేసేది ఆయన కూతురు.

అమ్మాయికి ఇరవై ఆరేళ్ళు. బస్సులో నాలుగు గంటల దూరంలో ఉన్న ఊళ్ళో, ముసలివాళ్ళ చెవులకు వినికిడి యంత్రాలు అమర్చే ఉద్యోగం. పన్నెండేళ్ళప్పుడు తల్లితో వెళ్ళిపోయింది. తర్వాత పుట్టినరోజులకు మెసేజీ, ఎవరైనా పోతే ఒక ఫోను, అంతే. ఈ సీరియల్ మొదలైన రోజున మాత్రం ఉన్నట్టుండి ఫోను చేసింది. "నాన్నా, మన పుస్తకం తీశారు, చూశావా?" అంది. 'మన' అన్న మాటకి ఆయన ఆ వారమంతా ఈల వేశాడు.

ఆ రోజు నుంచీ ప్రతి ఆదివారం ఇదే మాట్లాడుకుంటున్నారు. ఇది తప్ప ఇంకేమీ మాట్లాడుకోవడం లేదు.

"పోయిన వారం నూట నలభై గడుల్లో తొంభై ఆరే ఉంచారు తల్లీ. చేపలమ్మే ఆవిడ మొత్తం మాయం."

"చేపలమ్మే ఆవిడ లేకపోతే కథకేం నష్టం?"

"నష్టమా! ఆవిడే కదా అతన్ని రోజూ పలకరించేది."

"అందుకే తీసేశారేమో. ఇంకా ఒంటరిగా కనిపిస్తాడని."

"మరి మాటల్లేని పేజీకి ఆ వయొలిన్ ఎందుకు? పుస్తకంలో వయొలిన్ ఉందా?"

"పుస్తకంలో చప్పుడే ఉండదు నాన్నా! నువ్వు గడులు లెక్కపెడతావు. నేను ఊపిరి చూస్తాను. తండ్రి టికెట్ చింపేముందు ఎంతసేపు ఆగాడో చూడు. అక్కడ సరిగ్గా పట్టుకున్నారు."

ఆయన ఒప్పుకునేవాడు కాదు. ఒప్పుకుంటే మాట అయిపోతుంది. పుస్తకమే ఎప్పుడూ గొప్పది అనే మాట, సాధారణంగా పుస్తకం చదవని వాళ్ళు పెద్దరికం కోసం అంటారు. ఈయన ఫోను ఇంకో పది నిమిషాలు నిలవడం కోసం అన్నాడు.

పదకొండో ఎపిసోడు అయ్యాక మాత్రం ఆయన గొంతు మారింది.

"వచ్చే వారంతో అయిపోతుంది కదా."

"అవును."

"చివర పాడు చెయ్యకుండా ఉంటే చాలు. కూతురు తిరిగొచ్చే సీను. దానికోసమే కూర్చున్నాను నేను."

"కూతురు తిరిగి రావడమేంటి? మధ్యాహ్నం పడవకి వస్తుంది, టీ తాగుతుంది, సాయంత్రం పడవకి పోతుంది. ఆఖర్న ఆయనొక్కడే కదా ఉండేది."

"ఎవరు చెప్పారు? ముందు ఒక్కడే కిటికీ దగ్గర కూర్చుని ఉంటాడు. తర్వాతే తలుపు తెరుచుకుంటుంది. ఆ అమ్మాయి కూర్చుంటుంది. రెండు కప్పులు. బయట వాన. అయిపోయింది."

"నీ దగ్గరున్నది ఏ ముద్రణ నాన్నా?"

"నీదే. నువ్విచ్చిందే. మీ కొత్త ముద్రణల్లోనే ఏదో మార్చి ఉంటారు."

"సరే, ఆదివారం చూద్దాం" అని నవ్వింది అమ్మాయి. ఆ నవ్వు ఆయనకు నచ్చలేదు.

ఆ పుస్తకం సంగతి చెప్పాలి. పదేళ్ళ పిల్ల దాన్ని అన్నం తింటూ, పళ్ళు తోముకుంటూ, మంచం కింద దూరి చదివింది. ఒకసారి నారింజరసం ఒలకబోసింది. చివరికి జిగురు వదిలేసి ఆఖరి కాగితాలు ఊడి చేతిలోకి వచ్చాయి. తల్లితో వెళ్ళిపోయే రోజున పెట్టెలు సర్దుతుంటే, ఆ పిల్ల పుస్తకం తెచ్చి తండ్రి బల్ల మీద పెట్టింది. "బాగుచేసి ఉంచు నాన్నా, వచ్చి తీసుకుంటాను" అంది. ఆయన రెండు రోజులు సెలవు పెట్టి, తన జన్మలో ఏ పుస్తకానికీ చెయ్యనంత శ్రద్ధగా బాగుచేశాడు. అది కుడి నుంచి ఎడమకు చదివే పుస్తకం. ఎలా చదవాలో పిల్లే నేర్పింది, "అటు నుంచి ఇటు నాన్నా, అటు నుంచి ఇటు" అని వేలు పట్టుకుని. ఆయన నేర్చుకున్నాడు.

వచ్చి తీసుకుంటానంది కదా అని ఎదురుచూశాడు. పుస్తకంలో తండ్రి కూడా అదే పని చేశాడు. కిటికీ దగ్గర కూర్చున్నాడు, అమ్మాయి తనంతట తానే వచ్చింది. అతను ఒక ఉత్తరం రాయలేదు, పడవెక్కి వెళ్ళలేదు. జిగురాయన కూడా పద్నాలుగేళ్ళలో ఒక్కసారీ తనంతట తాను ఫోను చెయ్యలేదు. పిల్లని ఇబ్బంది పెట్టకూడదు, దానికి తోచినప్పుడు అదే వస్తుంది అనుకున్నాడు. దీన్ని జనం హుందాతనం అంటారు. దూరం నుంచి చూస్తే అలాగే కనిపిస్తుంది.

పన్నెండో ఎపిసోడు వచ్చింది. ఆపకుండా చూశాడు. తలుపు తెరుచుకుంది. కూతురు లోపలికొచ్చింది. రెండు కప్పుల్లోంచి ఆవిరి. ఆయన ముందుకు వంగాడు. తర్వాతి బొమ్మలో గుమ్మంలో ఆ అమ్మాయి చెప్పులు లేవు. తండ్రి కిటికీ దగ్గర ఒక్కడే. బల్ల మీద ఒక కప్పు. వీధిలో వాన. పేర్లు పడ్డాయి.

నాలుగూ నలభైకి ఫోను మోగేసరికి ఆయన మండిపడుతున్నాడు.

"తలకిందులు చేశారు! ఇంతకాలం గడులు పోయినా ఓర్చుకున్నాను, ఇది మాత్రం…"

"నాన్నా, నాన్నా. ఆ పేజీలు ఫోటో తీసి పంపు."

పంపాడు. నాలుగు పేజీలు, రెండు కాగితాల ముందూ వెనకా. బొమ్మ పేజీ అంచుదాకా పరుచుకున్న చోట అంకెలు వెయ్యరు. ఈ నాలుగింటికీ అంకెల్లేవు, మాటలూ లేవు.

"ఆయన ఒక్కడే ఉన్న పేజీలో బల్ల మీద కప్పు చూడు. ఎవరిది?"

"ఆ అమ్మాయిది. వస్తుందని ముందే పోసి ఉంచాడు." ఈ సంగతి ఆయన ఎప్పుడో కనిపెట్టాడు.

"సగమే ఉంది నాన్నా అందులో."

ఆయన కళ్ళద్దాలు తీసి పేజీని ముఖం దగ్గరికి తెచ్చుకున్నాడు.

"ఆ అమ్మాయి రాకముందే సగం ఎవరు తాగారు?" అంది కూతురు. ఎగతాళి లేకుండా, తన దగ్గరికొచ్చే ముసలివాళ్ళతో మాట్లాడినట్టు నెమ్మదిగా అడిగింది. ఆయనకు అదే ఎక్కువ బాధేసింది.

"రేపు చూసి చెప్తాను" అన్నాడు.

మర్నాడు మరమ్మతు గదిలో దీపం కింద పుస్తకం విప్పాడు. పదేళ్ళ పిల్ల ఒలకబోసిన నారింజరసం చివరి కాగితాల్లోకి ఇంకి మూల మీద మచ్చలు చేసింది. పైనున్న ఆఖరి కాగితం మీద పెద్దది, కింద కాగితానికి కాస్త చిన్నది, ఆ కిందది ఇంకా చిన్నది. వరసగా తగ్గాలి. ఆయన కుట్టిన వరసలో పెద్దది, చిన్నది, మధ్యది ఉన్నాయి.

పాత దినపత్రికల కట్ట ఇవ్వడానికి వచ్చిన కౌంటరావిడ తలుపు దగ్గరే నిలబడిపోయింది. "ఏంటి బైండరు గారూ, ఎవరైనా పోయారా?"

"ఎవరూ పోలేదు. రెండు కాగితాలు తారుమారు కుట్టాను."

"మీరా! రాసి పెట్టుకుంటాను ఆగండి, పై ఆఫీసులో చెప్తే నమ్మరు." దగ్గరికొచ్చి చూసి, "ఎప్పుడు?" అంది.

"పద్నాలుగేళ్ళైంది." వేలితో మచ్చలు చూపించాడు. "వెన్ను ఎడమ పక్కకి పెట్టుకుని పేర్చాను. అప్పటికే పదిహేడేళ్ళ అలవాటు కదా. ఇది వెన్ను కుడి పక్క ఉండాల్సిన పుస్తకం. చదవడం నేర్చుకున్నానుగానీ చేతులకి ఎవరు చెప్తారు?"

"సొంత పుస్తకమేగా. అలాగే ఉండనివ్వండి. ఎవరొచ్చి అడుగుతారు?"

"మీరు మంచివారు మేడమ్" అన్నాడాయన, కత్తి తీస్తూ.

రెండు కుట్లు తెంపి, రెండు కాగితాలు వేరుచేసి, మచ్చలు వరసలో పెట్టి మళ్ళీ అతికించడానికి పావుగంట పట్టింది. పద్నాలుగేళ్ళ క్రితం దీనికే రెండు రోజులు సెలవు పెట్టాడు. ప్రెస్సు బిగించాక కూతురికి మెసేజీ పెట్టాడు: 'నువ్వు చెప్పిందే నిజం. నేనే తప్పు కుట్టాను.' కాసేపటికి బొటనవేలి బొమ్మ ఒకటి వచ్చింది.

తర్వాతి ఆదివారం ఎపిసోడు లేదు. ఉండదని ఆయనకు తెలుసు. అయినా నాలుగింటికి బల్ల ముందు కూర్చున్నాడు. లాప్‌టాప్ మూసే ఉంది. నాలుగూ నలభై అయింది, ఫోను మోగలేదు. మోగడానికి కారణమూ లేదు. నలభై ఐదు అయింది. యాభై అయింది. కింద లాండ్రీ మూసి ఉంది. ఆయన లేచి కిటికీ దాకా వెళ్ళాడు. అక్కడ కుర్చీ వేసే ఉంది. దాన్ని చూశాడు, కూర్చోలేదు. వెనక్కి వచ్చి ఫోను తీసి తానే చేశాడు.

రెండుసార్లు మోగగానే ఎత్తింది. వెనక బజారు రొద.

"ఏమైంది నాన్నా? ఒంట్లో బాలేదా?"

"బాగానే ఉంది."

"మరి? ఎవరికైనా ఏమైనా…"

"ఎవరికీ ఏం కాలేదు తల్లీ. ఊరికే చేశాను."

"ఊరికేనా?" ఆ మాట తన తండ్రి నోట కొత్తగా వింటున్నట్టు అడిగింది. "సరే… చెప్పు."

చెప్పడానికి ఏమీ లేదు. గడుల లెక్క లేదు, తిట్టడానికి వయొలిన్ లేదు. "పుస్తకం సరిచేశాను. కావాలంటే పంపిస్తాను, నువ్వు అప్పుడు…"

"నా దగ్గర కొత్తది ఉందిగా నాన్నా."

"అవునవును."

"అది నీ దగ్గరే ఉంచు." ఎవరో ఆమెను పేరు పెట్టి పిలిచారు. "నాన్నా, స్నేహితులతో బయట ఉన్నాను. తర్వాత మాట్లాడనా?"

"మాట్లాడు. తొందరేం లేదు." అనేశాక నాలుక కరుచుకున్నాడు. "రేపు నేనే చేస్తాలే. ఎన్నింటికి తీరిక?"

అవతల బజారు రొద కాస్త దూరమైంది.

"రేపు కుదరదు. బుధవారం… ఏడు తర్వాత చెయ్యి."

ఫోను పెట్టాక చూసుకున్నాడు. ఒక నిమిషం యాభై సెకన్లు. ఆదివారం ఇంకా చాలా మిగిలి ఉంది.

పుస్తకం తెచ్చుకుని చివరి పేజీలు తిప్పాడు, అటు నుంచి ఇటు. తలుపు. రెండు కప్పులు. తర్వాత ఒక్కడూ, సగం కప్పూ. ఆ తర్వాత వానలో వీధి. ఆ సగం కప్పు మీంచి నేరుగా వీధిలోకి ఆయన ఎప్పుడూ రాలేదు, మధ్యలో ఎప్పుడూ కూతురు ఉండేది. కొత్త జిగురు ఇంకా బిర్రుగా ఉంది, కాగితం పడుకోకుండా పైకి లేస్తోంది. అరచెయ్యి దాని మీద పెట్టి, అది అణిగేదాకా అలాగే ఉంచాడు.