వాగు ఇసుకలో రెక్కర్ బండి

నా సర్వీసు ముగియడానికి నాలుగు నెలల ముందు, ఒక ఫిబ్రవరి సోమవారం, మా బొగ్గు గని ఆటో వర్క్‌షాపుకు పోలీసుల నుంచి ఉత్తరం వచ్చింది. దమ్మపేట అవతల అడవి అంచున ఒక వాగులో పాత సైనిక వాహనం బయటపడిందని, అది ఏ రకమో గుర్తించి రాసివ్వగల మనిషిని పంపాలని అందులో ఉంది. అప్పుడు నేను హెవీ వెహికల్ సెక్షన్‌లో సీనియర్ ఫోర్‌మన్‌ని. అమెరికన్ మిలిటరీ బండ్ల మీద స్వయంగా పనిచేసినవాళ్లలో సర్వీసులో మిగిలింది నేనొక్కణ్ణే. ఇంజినీరు గారు ఉత్తరాన్ని నా టేబుల్ మీద పెట్టి, జీపు తీసుకొని వెంటనే వెళ్లమన్నారు.

బోల్తాపడిన, బురదలో దిగబడిన లారీలను లేపి లాక్కొచ్చే బండిని రెక్కర్ అంటాం. రెండో ప్రపంచ యుద్ధకాలంలో అమెరికన్ సైన్యం ఈ దేశానికి తెచ్చిన వాటిని యుద్ధం ముగిశాక వేలంలో అమ్మేశారు. కొన్ని గనులకు చేరాయి, కొన్ని కలప కాంట్రాక్టర్ల చేతికి వచ్చాయి. వాటిని గుర్తుపట్టడంలో ఒక చిక్కుంది. 968 అనే మోడల్ సామాన్లు మోసే లారీ. 969 అదే చాసిస్, అంటే అడుగు చట్రం మీద ఫ్యాక్టరీలోనే రెక్కర్‌గా కట్టిన బండి. 969కి క్యాబిన్ వెనక ఒక ఉక్కు స్తంభం, దానికి కుడి ఎడమల బరువు లేపే రెండు బూమ్‌లు ఉంటాయి. డ్రైవర్లు వాటిని చేతులనేవారు. ఒక చేతిని పక్కకు తిప్పి బరువు లాగేటప్పుడు రెండో చేతి వైరు రోపును అవతలి పక్క చెట్టుకో బండకో కట్టాలి. లేకపోతే బండే ఒరిగిపోతుంది. ఇవి కాక, 968 లారీల మీద మన మేస్త్రీలు మధ్యలో ఒకే బూమ్ బిగించి తయారుచేసిన దేశీ రెక్కర్లు కూడా అడవుల్లో తిరిగాయి. ముందు నుంచి చూస్తే అన్నింటికీ ఒకటే ముఖం. ఇంజన్ చూసి చెప్పలేం. పెట్రోలు ఖర్చు భరించలేక అందరూ డీజిల్ ఇంజన్లు వేసుకున్నారు. డాష్‌బోర్డు మీది రేకులు ఎప్పుడో ఊడిపోయి ఉంటాయి.

నేను వెళ్లేసరికి మధ్యాహ్నం మూడు దాటింది. వాగులో నీళ్లు సన్నగా పారుతున్నాయి. ఒడ్డున ఇప్పచెట్లు, వాటి కింద ఎండుటాకులు, గాలి లేని వెలుతురు. ఇసుకలోంచి ఒక ఇనుప బూమ్ ఏటవాలుగా ఆకాశంలోకి లేచి ఉంది. దాని ముందు క్యాబిన్ పైకప్పు, నీళ్లు తాగడానికి వంగిన పశువు వీపులాగా. ఎంతసేపు చూసినా అది ఇప్పుడే కదులుతుందేమో అనిపించింది. దాన్ని మొదట చూసింది కన్నయ్య అనే కోయ రైతు. వానాకాలం తర్వాత వాగు దారి మార్చుకోవడంతో ఇసుక జారిపోయి బూమ్ కొస బయటపడిందట.

యస్.ఐ. గారు మర్యాదగా మాట్లాడి, సంగతి చెప్పారు. యాభై ఏళ్ల కిందట ఈ అడవిలో చెట్లు కొట్టే కూపును వేలంలో పాడుకున్న కలప కాంట్రాక్టరుకు రెండు రెక్కర్లు ఉండేవి. రెండు చేతులదాన్ని యాకోబు అనే డ్రైవరు నడిపేవాడు. రెండోది ఒంటిచేతి దేశీ బండి. ఒక వానాకాలంలో యాకోబూ అతని బండీ కనిపించకుండా పోయారు. బండిని సరిహద్దు దాటించి అమ్ముకున్నాడని కాంట్రాక్టరు ఫిర్యాదు రాసిచ్చాడు. తర్వాత కాంట్రాక్టరూ చనిపోయాడు గానీ ఫిర్యాదు కాగితం స్టేషన్‌లో అలాగే ఉంది. ఒంటిచేతి బండి ఇంజన్ పట్టేస్తే దాన్ని ఇదే వాగులో తోసేశారని ముసలివాళ్లు చెప్పుకుంటారు.

"ఇది గా ఒంటిచేతి బండేనని మా అంచనా సార్. మీరు ఒక్క కాయితం ఇస్తే తుక్కు కింద వేలం పెడతం," అన్నారు.

ఒడ్డున బండరాయి మీద ఒకామె కూర్చొని ఉంది. అరవైకి దగ్గర్లో ఉంటుంది. తెల్లచీర, చేతిలో గుడ్డసంచి. పేరు రూతమ్మ. మిషన్ దవాఖానాలో నర్సుగా చేసి రిటైరయింది. యాకోబు ఆమె తండ్రి.

"నాకప్పుడు ఏడేండ్లు సారు," అంది. "మా అమ్మ చచ్చేదాంక చర్చిల ఆఖరి వరుసలనే కూసున్నది. ఎవ్వలు కూసోమనలే, తనే కూసున్నది. దొంగోని బిడ్డనని నాకు రెండు సమ్మందాలు తప్పినయి. నేను మిమ్మల్ని ఏం అడుగుత లేను. ఉన్నది ఉన్నట్టు చెప్పున్రి. మా నాయిన బండి కాకపోతే కాదనే చెప్పున్రి."

నేను ఇసుకలోకి దిగి బూమ్ చుట్టూ తిరిగాను. కనిపిస్తున్నది ఒకటే చేయి. రెండోది ఉంటే దాని కొసైనా పైన కనిపించాలి కదా అనుకున్నాను. ముప్పై ఎనిమిదేళ్ల అనుభవం ఉన్నవాడికి ఒక చూపు చాలన్న గర్వం కూడా ఉంది. యస్.ఐ. గారితో, "ఒంటిచేతిదే అనుకుంటాను," అన్నాను.

రూతమ్మ వింది. "సరే సారు," అని మాత్రం అని, సంచిలోంచి సీసా తీసి నాకు తాగడానికి నీళ్లిచ్చింది.

ఆ రాత్రి దమ్మపేట గెస్ట్‌హౌసులో రిపోర్టు రాశాను. మా ఫారంలో పదకొండు గళ్లుంటాయి. వాహనం రకం అన్న గడిలో '968, స్థానికంగా మార్చిన రెక్కర్' అని రాశాను. చాసిస్ నంబరు గడి ఖాళీగా ఉంది. 'తుప్పు వల్ల చదవలేకపోయాను' అని రాస్తే ఎవరూ అడగరు. రాయబోయి ఆగాను. అది చదవలేకపోవడం కాదు, నేను చూడనే లేదు. కలం మూత పెట్టి పడుకున్నాను.

తెల్లవారి వాగు దగ్గరికి వెళ్లేసరికి మంచు దిగి ఉంది. నీళ్లు కనిపించడం లేదు, చప్పుడు మాత్రం వినిపిస్తోంది. ఇప్పపూలు అప్పుడే మొదలయ్యాయి. ఆ తీపి వాసన మంచులో కలిసి, నిద్రలోంచి పూర్తిగా లేవనట్టు ఉంది. కన్నయ్య పార పట్టుకొని అప్పటికే వచ్చాడు. రూతమ్మ కూడా అదే బండమీద ఉంది. ఆమె ఎప్పుడు వచ్చిందో, అసలు ఇంటికి వెళ్లిందో లేదో నేను అడగలేదు.

బూమ్ మొదలు దాకా తవ్వమన్నాను. మోకాలి లోతు తవ్వాక బూమ్ కాలు కనిపించింది. అది మధ్యలో లేదు. స్తంభానికి ఎడమ పక్కన ఉంది. ఒంటిచేతి బండికి బూమ్ పక్కకు బిగించరు, బరువు ఆగదు. స్తంభానికి కుడిపక్క నేనే చేతులతో ఇసుక తోడాను. అక్కడ ఇంకో బూమ్ కాలు ఉంది. ఆ చేయి పక్కకు తిరిగి, ఇసుక కింద పడుకొని ఉంది. అందుకే నిన్న నాకు కనిపించలేదు. కింద చాసిస్ మీద స్తంభం బిగించిన చిల్లులు గుండ్రంగా, సమానమైన ఎడంతో ఉన్నాయి. మన దగ్గర గ్యాసు కటింగుతో చేసిన చిల్లుల అంచులు వంకరగా ఉంటాయి. ఇది ఫ్యాక్టరీలో పుట్టిన రెక్కర్. 969.

నంబరు చెక్కి ఉండే చాసిస్ పట్టీని కిరసనాయిలు పోసి వైరు బ్రష్షుతో రుద్దాను. తర్వాత సుద్దముక్క అద్దితే అంకెలు నెమ్మదిగా తేలాయి, పలక మీద ఎవరో అప్పుడే రాస్తున్నట్టు. యస్.ఐ. గారు చాసిస్ నంబరు రాసి ఉన్న ఫిర్యాదు కాగితం తెప్పించారు. ఒక అంకెను తుప్పు తినేసింది. మిగతావన్నీ కలిశాయి.

రూతమ్మ దిగి వచ్చింది. "మా నాయినదేనా?"

"బండి మీ నాయిన నడిపినదే అమ్మా."

అయితే బండి వాగులో ఉన్నంతమాత్రాన యాకోబు మీది మాట పోదు. పారిపోతూ వరదలో చిక్కుకున్నాడని కూడా అనొచ్చు. యస్.ఐ. గారు ఆ మాటే అన్నారు. అది తప్పు ప్రశ్న కాదు. జవాబు వైరు రోపుల్లో ఉండాలి. యస్.ఐ. గారి అనుమతితో, కన్నయ్య గూడెం మనుషుల సాయంతో మరో రెండు రోజులు తవ్వాం. కుడి చేతి రోపు ఒడ్డువైపు పోయి, ఒక మద్ది మొద్దు చుట్టూ రెండు చుట్లు తిరిగి, కొక్కెం తనమీదే తగిలించి ఉంది. ఎడమ చేతి రోపు ఎగువకు, వాగు దాటడానికి కట్టిన పాత చప్టా ఉన్న చోటికి పోయింది. దాని కొసన గొలుసు, గొలుసులో మూడు టేకు దుంగలు. తడి ఇసుకలో టేకు చెడిపోలేదు. పార తగిలితే చెక్క లోపల ఇంకా ఎర్రగా ఉంది.

కన్నయ్య పార కింద పెట్టి ఆ దుంగలను తడిమాడు. "మా అయ్య చెప్పేటోడు సారు. ఆ ఏడు కూపుల దుంగలన్నీ కొట్టుకొచ్చి చప్టాకు అడ్డంబడ్డయట. నీళ్లు ఎనక్కు మర్లి గూడెంల నడుముల దాంక వచ్చినయట. పిల్లలను అటకల మీద కూసోబెట్టిండ్రట. ఉన్నట్టుండి నీళ్లు తీసినయట. వాగు తల్లి దయ అనుకున్నరు. ఎవ్వలో దుంగలు గుంజిండ్రని మాకెవ్వలకు తెల్వదు."

రూతమ్మ మొద్దు దగ్గర కూర్చొని రోపు ముడి మీద చేయి పెట్టింది. ఏడవలేదు. "ఇది కట్టింది మా నాయిననేనని రాస్తరా?" అని అడిగింది.

"అంతవరకు నేను రాయలేనమ్మా. నేను చూళ్లేదు," అన్నాను. "బండి 969 అని రాస్తాను. ఒక చేయి చెట్టుకు కట్టి, రెండో చేయి దుంగలకు తగిలించి ఉందని రాస్తాను. బండిని దొంగిలించి పోయేవాడు ఇలా కట్టడని కూడా రాస్తాను."

ఆమె రోపు మీంచి చేయి తీసి లేచింది. "చాలు సారు," అంది.

యాకోబు ఆనవాళ్లు ఏవీ దొరకలేదు. నా మొదటి రిపోర్టు చించి ఇంకొకటి రాశాను. పైఅధికారుల ఉత్తర్వుతో వేసవిలో ఆ దొంగతనం ఫిర్యాదును మూసేశారు. రిపోర్టు నకలును పాస్టరు గారు ఒక ఆదివారం చర్చిలో చదివారని రూతమ్మ ఫోన్ చేసి చెప్పింది. 'చాసిస్', 'బూమ్' లాంటి మాటలు కూడా వదలకుండా చదివారట. బండి వేలానికి పోయింది. దాన్ని ఉంచమని ఆమె ఎవరినీ అడగలేదు.

ఈ పనిలో ఉన్నవాళ్లకు నేను చెప్పేది ఒకటే. సోమవారం సాయంత్రం నేను తప్పు చెప్పింది తెలియక కాదు, తెలుసనుకొని. పైకి కనిపించే భాగం ఏ బండిదైనా కావచ్చు. దాన్ని చాసిస్‌కు ఎక్కడ, ఎలా బిగించారో చూడకుండా రకం పేరు రాయకూడదు. తవ్వడానికి వీలు లేకపోతే 'చూడలేదు' అని రాయాలి. ఆ మాట రాసినందుకు నా సర్వీసులో ఎవరికీ మెమో వచ్చినట్టు నేను ఎరగను.