తలా లక్షా తొంభై వేలు

దసరా ముందు పేపర్లో ఆ వార్త పడిందంటే బాలలక్ష్మికి గుండెల్లో రాయి పడ్డట్టే. బొగ్గు గనుల లాభాల్లో కార్మికులకు వాటా ఇస్తున్నారని, సగటున తలా లక్షా తొంభై వేలని ఈసారి పెద్దక్షరాలతో వేశారు. తెల్లారేసరికి నస్పూర్ కాలనీలో అందరి నోటా అదే మాట. కిరాణా కొట్టు శ్యాంసుందర్ పాత బాకీ చీటీ బయటికి తీశాడు. చొప్పదండి నుంచి తమ్ముడు గోపాల్ ఫోన్ చేసి, "ఏందక్కా, లచ్చలచ్చినయట గద, జర మమ్మల్ని గూడ యాది పెట్టుకో" అని నవ్వాడు. నవ్వే ఓపిక ఆమెకు లేదు.

ఆ లెక్క ఎవరు కట్టారో గానీ, వాళ్లు ఎన్నడూ ఇల్లు నడిపి ఉండరు. ఏడాదంతా ఒక్క మస్టరు, అంటే ఒక్క రోజు హాజరు, తప్పకుండా గనిలోకి దిగినవాడికి మూడు లక్షలు పైనే రావచ్చు. మంచాన పడి సగం రోజులు హాజరు లేనివాడికి ముప్పై వేలే రావచ్చు. అందరినీ కలిపి తలా ఇంత అని పంచితే పేపరుకు మంచి అంకె దొరుకుతుంది. ఆ అంకె మాత్రం ఏ ఇంటి గడపా తొక్కదు.

బాలలక్ష్మి నాట్లు వేసే ఇంట్లో పుట్టింది. ఇరవై రెండేళ్ల కింద మొండయ్యను కట్టుకుని ఈ కాలనీకి వచ్చింది. బొగ్గుబాయి కొలువంటే సర్కారు కొలువు లెక్కేనని పుట్టింటివాళ్లు మురిసిపోయారు. ఇప్పుడు మొండయ్య జీతం చీటీలో పైన డెబ్భై వేలు కనిపిస్తాయి. ఇంటి లోను, సొసైటీ అప్పు కోతలు పోగా చేతికొచ్చేది ఇరవై ఆరు. ఇల్లు తినేది ముప్పై. ఉగాదినాడు అయ్యగారు పంచాంగం విప్పి ఆదాయం రెండు, వ్యయం పధ్నాలుగు అంటే ఒకప్పుడు నవ్వేది. ఈ మధ్య మానేసింది. పాలు అర లీటరుకు తగ్గించింది, ఆదివారం కోడికూర బదులు గుడ్లు ఉడకేసింది. అయినా ఆ నాలుగు వేలు ప్రతి నెలా ఎక్కడో ఒకచోట తక్కువ పడుతూనే ఉన్నాయి.

ఈసారి లాభాల వాటా మీద పెద్ద ఆశే పెట్టుకుంది. బిడ్డ నవ్యశ్రీకి కరీంనగర్‌లో నర్సింగ్ సీటు వచ్చింది. సోమవారంలోగా అరవై వేలు కట్టకపోతే సీటు ఇంకొకరికి పోతుంది. "లాభాలు పడంగనే కడ్తం సార్" అని కాలేజీవాళ్లకు మాటిచ్చింది తనే.

శుక్రవారం సాయంత్రం మొండయ్య లాభాల వాటా చీటీ తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు. నలభై ఒక్క వేలు.

"గిదేంది? పేపర్ల లక్షా తొంభై అని రాసిండ్రు. మిగిలినయి యాడ వోసినవ్? నీ తమ్మునికిచ్చినవా, తాగినవా?"

మొండయ్య చొక్కా విప్పి కొక్కేనికి తగిలించాడు. "మస్టర్లు లేవే," అన్నాడు.

"ఎందుకు లేవు?"

ఆయన తువ్వాలు అందుకున్నాడు. నవ్యశ్రీ చీటీ అందుకుని చూసింది. "నూట ముప్పై మస్టర్లే ఉన్నయవ్వా. నీకు ఆపరేషనైనప్పుడు ఆరు నెల్లు బాపు నీ దగ్గర్నే ఉండె గద."

బాలలక్ష్మికి సిగ్గుతో తల కొట్టేసినట్టయింది. పేపరును నమ్మింది, తన మంచం పక్కన ఆరు నెలలు కూర్చున్న మనిషిని నమ్మలేదు. "బువ్వ తిందువు రా," అంది మెల్లగా. ఆ ఇంట్లో తప్పు ఒప్పుకోవడమంటే అంతే.

ఇంకా పంతొమ్మిది వేలు కావాలి. పక్కింటి కమలవ్వ గుర్తొచ్చింది. ఆమె భర్త పరశురాములు వేరే బొగ్గుబాయిలో పనిచేస్తాడు. పొద్దున్నే టిఫిన్ గిన్నె పట్టుకుని బయల్దేరని రోజు లేదు. వాళ్లకు నిండుగానే వచ్చి ఉంటాయనుకుని శనివారం పొద్దున వెళ్లింది. కమలవ్వ అరుగు మీద బియ్యం చెరుగుతోంది.

"రా చెల్లె. మీకెంత వడ్డయే?"

నలభై ఒకటి అంటే నిన్న తను మొగుణ్ని అన్న మాటే రేపు కాలనీ అంతా అంటుంది. మొండయ్య తాగి పడుకుంటాడంటారు.

"అందరికి వడ్డన్నే అక్కా. లక్షా తొంభై," అంది. ముందు పరువు దక్కించుకుందాం, ఏదో సాకు చెప్పి తర్వాత అడగొచ్చులే అనుకుంది.

కమలవ్వ చాట పక్కన పెట్టి ఆమె చేయి పట్టుకుంది.

"నిన్నెట్ల అడుగుడో అని రాత్రి సంది పరేషానైతున్న చెల్లె. మా ఆయనకు మోకాళ్లు పని చేస్తలేవు. టిఫిన్ వట్టుకొని పోతుండె గని, బాయిల దిగలేక సగం దినాలు బస్టాండ్ల కూసోని అచ్చిండు. నాకే నిన్న ఎరుకైంది. ముప్పై ఆరు వేలే వడ్డయి. బాకీలోల్లు ఆగుతలేరు. నీకు చేతిల ఉన్నయి గద, ఓ ఇరవై వేలు సర్దవూ?"

బాలలక్ష్మి ఇంటికొచ్చి గడపలో కూలబడింది. నవ్యశ్రీ బట్టలు సర్దుకుంటున్న బ్యాగు వదిలి ఎదురొచ్చింది.

"ఇస్తనన్నదా అవ్వా?"

"మనల్నే అడిగింది బిడ్డా."

"మరి లేవని చెప్పినవా?"

బాలలక్ష్మి తలెత్తలేదు. "లక్షా తొంభై వడ్డయని చెప్పినంక లేవని ఎట్ల చెప్తనే? పైసలకు రేపు రమ్మన్న," అంది.